స్త్రీలలో కాళ్ల స్థూలత - లైపెడీమా: బోదకాలు కాదు, కేవలం లావూ కాదు

కాళ్లు లావెక్కిన స్త్రీని చూడగానే మన ఇళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. "నీరు పట్టింది" అంటారు కొందరు. "బోదకాలు వచ్చింది" అని భయపెడతారు మరికొందరు. "తిండి ఎక్కువైంది, పని తక్కువైంది" అని తేల్చివేసేవారు ఇంకొందరు. ఈ మూడింటినీ పోలియుండి, ఈ మూడూ కాని నాలుగవ వికారం ఒకటి ఉన్నది. ఆధునిక వైద్యులు దానిని లైపెడీమా అని పిలుస్తారు. దీని పేరు తెలియక ఎందరో స్త్రీలు అవసరం లేని మందులు మింగుతూ, అర్థం లేని ఉపవాసాలు చేస్తూ, మాటలు పడుతూ సంవత్సరాలు గడుపుతున్నారు. పెళ్లి సంబంధాల వేళ "అమ్మాయికి బోదకాలట" అనే పుకారు ఒక్కటి చాలు, ఆ ఇంటి మనశ్శాంతి పోవడానికి. కావున ఈ వ్యాధిని గురించి గృహిణులు, తల్లులు కొంత శాస్త్రీయంగా తెలుసుకొనుట అవసరం.

మన ప్రాంతంలో ఈ విషయం ఎందుకు ముఖ్యం?

పటాన్‌చెరు, రామచంద్రాపురం, ఇస్నాపూర్, పాశమైలారం మొదలుకొని సంగారెడ్డి వరకు గల పారిశ్రామిక ప్రాంతంలో కాళ్ల వాపుకు కారణాలు అనేకం ఒకచోట కలిసి ఉన్నాయి. మందుల కర్మాగారాలలో ప్యాకింగ్ వంటి విభాగాలలో పనిచేసే స్త్రీలు షిఫ్టు పొడుగునా నిలబడియే ఉంటారు. అందువలన సిరలు ఉబ్బి, సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి. మురుగు నీరు నిలిచే బస్తీలలో దోమల బెడద ఉంటుంది. ఆ మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమయే బోదకాలును వ్యాపింపజేసేది. మరొకవైపు కాలనీలలో, క్వార్టర్లలో ఉండే మధ్యతరగతి కుటుంబాలలో నడక తగ్గి, కూర్చునే కాలం పెరిగి స్థూలకాయం ఎక్కువగుచున్నది. ఇన్ని కారణాల నడుమ లైపెడీమా గల స్త్రీ కూడా వీరిలో ఒకరిగానే లెక్కించబడి, అసలు వ్యాధి మరుగున పడిపోవుచున్నది.

వ్యాధి స్వరూపం

లైపెడీమా అనగా చర్మం క్రింద ఉండే కొవ్వు ధాతువు శరీరంలో కొన్ని భాగాలలో మాత్రమే అసాధారణంగా పెరిగి, నొప్పిని కలిగించుట. పిరుదులు, తొడలు, మోకాళ్ల లోపలి వైపు, పిక్కలు దీనికి ముఖ్య స్థానాలు. కొందరిలో భుజాల నుండి మోచేతుల వరకు కూడా వస్తుంది. ఇది ఇంచుమించుగా స్త్రీలకే వచ్చే వ్యాధి. పురుషులలో అత్యంత అరుదు.

1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఎడ్గార్ ఆలెన్, ఎడ్గార్ హైన్స్ దీనిని మొదటిసారి వేరు వ్యాధిగా వర్ణించి పేరు పెట్టారు. 1951లో అదే సంస్థ వైద్యులు 119 మంది రోగుల వివరాలతో మరింత సమగ్రంగా వ్రాశారు. అయినను చాలాకాలం వైద్య ప్రపంచం దీనిని పెద్దగా పట్టించుకొనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల జాబితా పదకొండవ కూర్పు 2022లో అమలులోకి వచ్చినది. అందులో లైపెడీమాకు ప్రత్యేక సంఖ్య లభించింది. ఇంత ఆలస్యంగా గుర్తింపు పొందిన వ్యాధి కనుక మీ ఊరి వైద్యునికి వెంటనే స్ఫురించకపోవుటలో ఆశ్చర్యం లేదు.

వ్యాధి సాధారణంగా స్త్రీ జీవితంలో హార్మోనులు మారే మూడు సంధులలో బయటపడుతుంది. ఒకటి రజస్వల అయ్యే వయస్సు, రెండవది గర్భధారణ, మూడవది ముట్లుడిగే కాలం. తల్లికో, మేనత్తకో, అమ్మమ్మకో ఇదే విధమైన కాళ్లు ఉండుట తరచుగా కనిపిస్తుంది. అందువలన వంశపారంపర్యత, హార్మోనుల ప్రభావం దీనికి కారణాలలో ముఖ్యమని వైద్యులు భావిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు. దోమకాటు వలన వచ్చేది కాదు. రోగి చేసిన తప్పు వలన వచ్చేది అసలే కాదు.

ముఖ్య లక్షణాలు

1. రెండు కాళ్లూ సమానంగా లావెక్కుతాయి. ఒక కాలు మాత్రమే లావగుట లైపెడీమా లక్షణం కాదు.

2. పాదాలు మామూలుగానే ఉంటాయి. చీలమండ దగ్గర కొవ్వు ఒక్కసారిగా ఆగిపోయి, కడియం తొడిగినట్లు ఒక అంచు ఏర్పడుతుంది. చెప్పుల కొలత మారదు, కాని పట్టీలు బిగుతవుతాయి.

3. నొక్కితే నొప్పి. పసిబిడ్డ తొడపై నిలబడినా, ఎవరైనా పిక్కను గట్టిగా పట్టుకొన్నా ఓర్చుకొనలేరు. నొప్పి, బరువు లేకుండా కాళ్లు లావుగా మాత్రమే ఉంటే దానిని లైపెడీమా అనరాదు.

4. చిన్న తాకిడికే చర్మం క్రింద నెత్తురు కమిలి నీలి మచ్చలు పడతాయి. ఎప్పుడు తగిలిందో కూడా గుర్తుండదు.

5. ఆహారం తగ్గిస్తే ముఖం, మెడ, నడుము సన్నబడతాయి గాని కాళ్లు ఆ నిష్పత్తిలో తగ్గవు. పై శరీరానికి ఒక కొలత, క్రింది శరీరానికి మరొక కొలత దుస్తులు కావలసి వస్తుంది.

6. రాత్రంతా కాళ్లు ఎత్తున పెట్టుకొని పడుకొన్నను ఉదయానికి లావు తగ్గదు. ఇది నీరు కాదు, కొవ్వు అనుటకు ఇదియే నిదర్శనం.

వ్యాధి తొలి దశలో చర్మం నునుపుగా ఉండి, క్రింద చిన్న చిన్న గడ్డలు చేతికి తగులుతాయి. రెండవ దశలో చర్మం గుంటలు పడి ఎగుడు దిగుడుగా మారుతుంది. మూడవ దశలో తొడల వద్ద, మోకాళ్ల వద్ద కొవ్వు మడతలుగా వ్రేలాడి నడకకు అడ్డు వస్తుంది. అందరికీ అన్ని దశలు రావు. కొందరిలో వ్యాధి తొలి దశలోనే నిలిచిపోతుంది. బరువు పెరగకుండా చూచుకొనుట ఇందుకు ఎంతో తోడ్పడుతుంది.

ఆయుర్వేద దృష్టి

మన ప్రాచీన గ్రంథాలలో ఈ పేరుతో వ్యాధి లేదు. ఉన్నదని చెప్పుట శాస్త్రానికి న్యాయం కాదు. అయితే దీనికి చుట్టుప్రక్కల ఉన్న మూడు వికారాలను ఆచార్యులు స్పష్టంగా వేరు చేసి చెప్పారు. శోథం అనగా వాపు. శ్లీపదం అనగా బోదకాలు. మూడవది మేదోవృద్ధి, అతిస్థౌల్యం.

చరక సంహిత సూత్రస్థానం ఇరువది యొకటవ అధ్యాయంలో అతిస్థూలుని వర్ణించుచు పిరుదులు, ఉదరం, స్తనాలు కదలాడునట్లు మేదస్సు పెరుగుటను చెప్పారు. అక్కడ కాళ్ల ప్రసక్తి ప్రధానం కాదు. సుశ్రుతాచార్యుడు శ్లీపదాన్ని గురించి చెప్పుచు, పాత నీరు ఎక్కువగా నిలిచి, అన్ని ఋతువులలోను చల్లగా ఉండే దేశాలలో అది విశేషంగా పుడుతుందని వ్రాశాడు. దోమ సంగతి లోకానికి తెలియడానికి ఎన్నో శతాబ్దాల ముందే నిలువ నీటికి, బోదకాలుకు గల సంబంధాన్ని గమనించిన ఆ పరిశీలనా దృష్టి మెచ్చదగినది. ఒక సంవత్సరం దాటి, మిక్కిలి పెరిగిన శ్లీపదం చికిత్సకు లొంగదని కూడా ఆయన హెచ్చరించాడు.

నేటి ఆయుర్వేద వైద్యులు లైపెడీమాను మేదోధాతు దుష్టిగా భావించి, నొప్పికి వాత సంబంధాన్ని, బరువుకు కఫ సంబంధాన్ని చెప్పుచున్నారు. ఇది యుక్తియుక్తమైన అన్వయమే గాని గ్రంథ వాక్యం కాదని పాఠకులు గ్రహించవలెను.

ఇంటిలో చేసుకొనదగిన పరీక్ష

స్నానానంతరం, మంచి వెలుతురులో ఈ క్రింది పరీక్షలు చేయవచ్చును.

మొదట పాదం పై భాగం చూడండి. అది కూడా ఉబ్బి ఉంటే లైపెడీమా ఒక్కటే కారణం కాకపోవచ్చును. తరువాత కాలి రెండవ వ్రేలి మొదట చర్మాన్ని రెండు వ్రేళ్లతో పట్టి పైకి లేపండి. మడత తేలికగా వస్తే శోషనాళాలలో నీరు పేరుకొనలేదని అర్థం. మడత రాకుండా చర్మం దళసరిగా ఉంటే శోషనాళాల వాపును అనుమానించవలెను. దీనినే వైద్యులు స్టెమ్మర్ పరీక్ష అంటారు. ఆ తరువాత కాలి ముందు ఎముకపై బొటనవ్రేలితో కొన్ని క్షణాలు అదిమి తీయండి. గుంట పడి మెల్లగా పూడితే అది నీటి వాపు. లైపెడీమాలో సాధారణంగా గుంట పడదు, నొప్పి మాత్రం ఉంటుంది.

బోదకాలులో వాపు తరచుగా ఒక కాలికి ఎక్కువగా ఉంటుంది. పాదంతో సహా ఉబ్బుతుంది. మధ్య మధ్య చలిజ్వరం, గజ్జలలో బిళ్లలు, కాలు ఎర్రబడుట ఉంటాయి. క్రమంగా చర్మం ఏనుగు చర్మం వలె గరుకవుతుంది. సిరల వ్యాధిలో నీలి సిరలు మెలికలు తిరిగి కనిపిస్తాయి, చీలమండ వద్ద చర్మం నల్లబడుతుంది. ముఖం, కనురెప్పలు కూడా ఉబ్బితే మూత్రపిండాలను, ఆయాసం ఉంటే గుండెను, నీరసం, మలబద్ధకం, చలి ఓర్వలేకపోవుట ఉంటే థైరాయిడ్‌ను పరీక్షింపజేయవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా ఉబ్బి, పిక్కలో తీవ్రమైన నొప్పి వచ్చినచో సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. కాలు ఎర్రగా కాలుచు జ్వరం వచ్చినచో అది చర్మం క్రింది చీము వ్యాధి కావచ్చును. ఈ రెండింటిలో ఏది కనిపించినా గృహ వైద్యం చేయరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలెను.

నిర్ణయం తప్పితే నష్టమేమి?

తప్పు రెండు వైపులా జరుగుచున్నది. లైపెడీమాను బోదకాలుగా భ్రమించినవారు డై ఇథైల్ కార్బమజైన్ మాత్రలను అవసరం లేకుండా పదే పదే వాడుతారు. ఆ మందు పురుగును చంపేదే గాని కొవ్వును కరిగించేది కాదు. ఇందుకు విరుద్ధంగా, నిజమైన బోదకాలును "లావు" అని నిర్లక్ష్యం చేసినవారు తొలి దశలో దొరికే మేలును పోగొట్టుకొంటారు. బోదకాలు అనుమానం ఉన్నచో రక్త పరీక్ష చేయించవలెను. సూక్ష్మ క్రిములు రాత్రివేళ రక్తంలోనికి వస్తాయి కనుక పూర్వం నుండి ఆ పరీక్షకు రాత్రిపూట రక్తం తీయుట ఆచారం. మన దేశంలో 2004 నుండి వ్యాధి గల జిల్లాలలో ప్రజలందరికీ సంవత్సరానికొకసారి మందు మ్రింగించే కార్యక్రమం నడిచింది. ఆ మందు వ్యాధి నివారణకు కనుక, ఇచ్చిన సంవత్సరం ఆరోగ్యవంతులు కూడా తీసుకొనవలసినదే. రెండేండ్ల లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర రోగులు మాత్రం తీసుకొనరాదు. తెలంగాణ ప్రభుత్వం 2018 నుండి బోదకాలు బాధితులకు పింఛను కూడా ఇచ్చుచున్నది. ఆ సహాయం నిజమైన బాధితులకు చేరుటకైనను వ్యాధి నిర్ణయం సరిగా జరుగవలెను.

చికిత్సా విధానం

లైపెడీమాను సమూలంగా మాన్పే మందు ఏ వైద్య విధానంలోను నేటి వరకు లేదు. ఈ సత్యాన్ని ముందుగా అంగీకరించినవారే మోసపోకుండా ఉంటారు. కాని నొప్పిని తగ్గించుటకు, వ్యాధి ముదరకుండా ఆపుటకు, నడకను కాపాడుకొనుటకు మార్గాలు అనేకం ఉన్నాయి.

ఒత్తిడి మేజోళ్లు: ఇవి చికిత్సలో ప్రధానమైనవి. కాలిని చుట్టూ సమంగా అదిమిపట్టి బరువును, నొప్పిని తగ్గిస్తాయి. కొవ్వును కరిగించవు. వైద్యుడు చెప్పిన ఒత్తిడి తరగతి ప్రకారం, ఉదయం వేళ కాలి కొలతలు తీయించి కొనవలెను. ఉదయం లేవగానే తొడిగి, రాత్రి పడుకొనే ముందు తీయవలెను. వేసవిలో ఓర్వలేనివారు పని వేళలలోనైనా ధరించుట మేలు. మధుమేహం ఉన్నవారు, నడిస్తే పిక్కలు పట్టేసేవారు ధమనుల పరీక్ష చేయించుకొనకుండా వీటిని వాడరాదు.

వ్యాయామం: పరుగు, గంతులు అవసరం లేదు. రోజుకు అరగంట నడక, సైకిలు, యోగాసనాలు చాలును. ఈత కొలను అందుబాటులో ఉన్నవారికి నీటిలో నడక అన్నింటికంటె ఉత్తమం. నీరే కాలిని నలువైపులా మృదువుగా ఒత్తుతుంది, కీళ్లపై భారం పడదు. అయితే పరిశ్రమల మురుగు చేరే చెరువులలో, నక్కవాగు వంటి కలుషిత ప్రవాహాలలో కాళ్లు పెట్టరాదు. చర్మంపై చిన్న పగులు ఉన్నా సూక్ష్మక్రిములు ప్రవేశించి వాపు రెట్టింపగును.

నిలబడి పనిచేసేవారికి: గంటకొకసారి మడమలు పైకెత్తి దించుట ఇరువది సార్లు చేయవలెను. పిక్క కండరం రక్తాన్ని పైకి త్రోసే యంత్రం వంటిది. విరామంలో కాళ్లు చాచి ఎత్తున పెట్టుకొనుట, లోతుగా శ్వాస తీయుట మంచిది. ఇ.ఎస్.ఐ. కార్డు గల కార్మికులు తమ డిస్పెన్సరీ వైద్యుని ద్వారా పెద్ద ఆసుపత్రికి వెళ్లవచ్చును.

నలుగు, తైలం: పొడి పిండితో నలుగు పెట్టుటను ఆయుర్వేదం ఉద్వర్తనం అంటుంది. అది కఫాన్ని హరించి, మేదస్సును కరిగించి, చర్మానికి కాంతినిస్తుందని అష్టాంగ హృదయం చెప్పుచున్నది. సాధారణ స్థూలకాయులకు గట్టిగా రుద్దే పద్ధతి ఉన్నది. లైపెడీమాలో అది పనికిరాదు. గట్టిగా రుద్దితే నెత్తురు కమిలి నొప్పి ఎక్కువగును. నాలుగు భాగాలు పెసరపిండి, ఒక భాగం త్రిఫల చూర్ణం కలిపి, గోరువెచ్చని నువ్వుల నూనె కొద్దిగా రాసిన కాలిపై, అరచేతితో పాదం నుండి తొడ వైపునకు ఈక తాకినంత మృదువుగా పది నిమిషాలు నలుగు పెట్టవలెను. వారానికి మూడు సార్లు చాలును. చర్మం హాయిగా ఉంటుంది, బిగువు సడలుతుంది. అంతకుమించి ఆశించరాదు.

చర్మ రక్షణ: మడతలలో చెమట నిలువకుండా కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పొడిగా ఉంచవలెను. పాదాల పగుళ్లకు కొబ్బరి నూనె రాయవలెను.

శస్త్రచికిత్స: ఎక్కువగా ముదిరి నడక కష్టమైనవారికి లైపోసక్షన్ అనే పద్ధతిలో కొవ్వును గొట్టం ద్వారా తీస్తారు. ఇది అందం కొరకు చేసే చికిత్స వంటిది కాదు. శోషనాళాలు దెబ్బతినకుండా చేయగల అనుభవజ్ఞుని వద్దనే చేయించుకొనవలెను. తరువాత కూడా మేజోళ్లు, వ్యాయామం తప్పవు.

పథ్యం

చరకుడు స్థూలులకు చెప్పిన ధాన్యాల జాబితాలో కొర్రలు, చామలు, యవలు, జొన్నలు, అరికెలు, పెసలు, ఉలవలు, కందులు ఉన్నాయి. పొట్ల, ఉసిరిక కూడా చెప్పబడినవి. మన మెదక్, సంగారెడ్డి మెట్ట భూములలో తాతల నాడు తిన్న భోజనం ఇంచుమించు ఇదియే. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ పరిశోధించే పంటలలో జొన్న, సజ్జ, కంది ముఖ్యమైనవి. ఒక పూట అన్నానికి బదులు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, ఉలవచారు, పలుచని మజ్జిగ తీసుకొనుట మంచి అలవాటు. తీపి పదార్థాలు, బేకరీ సరుకులు, వేపుళ్లు తగ్గించవలెను. ఊరగాయ, అప్పడాలలోని ఉప్పు మితంగా ఉండవలెను.

అయితే ఆహారం వలన లైపెడీమా కొవ్వు మాయమగునని తలచరాదు. పథ్యం వలన సాధారణ కొవ్వు పేరుకొనకుండును, మోకాళ్లపై భారం తగ్గును, వ్యాధి ముదరకుండును. కాళ్లు తగ్గలేదని పస్తులుండే పిల్లలు నీరసం, రక్తహీనతలకు లోనగుదురు. తూకం చూచుటకంటె నడుము కొలత చూచుకొనుట మేలు. అది ఎత్తులో సగం మించకుండా ఉంచుకొనుట లక్ష్యం కావలెను.

చేయకూడనివి

నల్లజీడి, చిత్రమూలం కలిపిన పూతలు కాళ్లకు వేయరాదు. ఇవి చర్మాన్ని బొబ్బలెక్కించి పుండ్లు చేయును. వేడి ఇటుక కాపడం, గాట్లు పెట్టి రక్తం తీయుట, గట్టి మర్దనం కూడదు. వైద్యుని సలహా లేకుండా నీరు తీసే మాత్రలు వాడరాదు. ఇందులో తీయవలసిన నీరు సాధారణంగా ఉండదు గనుక శరీర లవణాలు పోవుట తప్ప ఫలితం లేదు. పునర్నవ, అనగా అటికమామిడి, శోథానికి ప్రసిద్ధమైన మూలిక. నీటి వాపు తోడైనప్పుడు వైద్యుడు దానిని ఇచ్చుట ఉచితమే గాని కొవ్వు గల కాలిని అది సన్నగా చేయదు. గుగ్గులు కలిసిన మాత్రలను గర్భిణులు, థైరాయిడ్ మందు లేదా రక్తం పలుచబరిచే మందులు వాడేవారు స్వయంగా తీసుకొనరాదు.

తరచుగా కలిగే సందేహాలు

పదునాలుగేండ్ల బాలికకు ఈ లక్షణాలు కనిపిస్తే ఏమి చేయవలెను?
భయపడవద్దు, ఎగతాళి చేయవద్దు. తల్లి, మేనత్తల కాళ్లు ఎట్లు ఉండెనో గమనించి వైద్యునికి చెప్పవలెను. ఆటలు మాన్పించరాదు. ఈ వయస్సులో మొదలుపెట్టిన వ్యాయామమే జీవితాంతం తోడుండును.

ఈ వ్యాధి వివాహానికి, సంతానానికి అడ్డంకియా?
కాదు. గర్భిణీ దశలో కాళ్లు కొంత పెరుగవచ్చును గనుక బరువు, మేజోళ్ల విషయంలో శ్రద్ధ అవసరం. రక్తపోటు పరీక్ష మానరాదు. గర్భిణికి వచ్చే ప్రతి వాపును ఈ వ్యాధికి అంటగట్టుట ప్రమాదకరం.

ఏ వైద్యుని వద్దకు వెళ్లవలెను?
మొదట ఫిజీషియన్ వద్ద థైరాయిడ్, మూత్రపిండాలు, గుండె పరీక్షలు చేయించుకొని, తరువాత రక్తనాళాల నిపుణుని చూడవలెను. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రవైద్య విభాగం ఉన్నది. ఆయుర్వేద సలహాకు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల ఉన్నది. ఎక్కడికి వెళ్లినను "పాదాలు ఉబ్బలేదు, రెండు కాళ్లూ సమానం, నొక్కితే నొప్పి" అనే మూడు మాటలు ముందుగా చెప్పండి. వ్యాధి నిర్ణయానికి అవి ఎంతో సహాయపడును.

ఇంట్లో ఒక స్త్రీ "కాళ్లు నొప్పి" అన్నప్పుడు ఆమె తిండిని లెక్కించుటకు ముందు ఆమె పాదాలను, చీలమండలను ఒక్కసారి పరిశీలించుట కుటుంబ సభ్యుల కర్తవ్యం. రోగానికి సరియైన పేరు దొరికిన నాడే సగం బాధ తీరును. మిగిలిన సగం మేజోళ్లు, నడక, మితాహారం, ఇంటివారి ఆదరణ కలిసి తీర్చవలసినవి.